తెల్లటి ఒళ్ళు, ఊదా చివర్లు: ఇది ఏ ఎనిమోన్? నాలుగు రోజులైనా పాదం అంటుకోవట్లేదు

ఉప్పల్_ఉప్పునీళ్ళు
ఈ ఎనిమోన్‌ను (పువ్వులెక్క కనిపించే సముద్రపు జీవి) దుకాణంల "సెబే" అని చెప్పి ఇచ్చిండ్రు. ఒళ్ళంత పాలతెలుపు, స్పర్శకాల చివర్లు ఊదా. మంచిగ విప్పుకుంటే అడ్డం 15 సెంటీమీటర్లు ఉంటది. నాలుగు రోజుల సంది ఒక్క తాన నిలుస్తలేదు. రాత్రి ఒక మూలకుంటే పొద్దుగాల ఇంకో మూలకు దొర్లి ఉంటున్నది. నోరు కొంచెం తెరుచుకునే ఉన్నది. రెండుసార్లు రొయ్య ముక్క పెట్టిన, మింగింది, రెండు గంటలకు కక్కింది.

ట్యాంకు 36 × 14 × 16 అంగుళాలు. రాళ్ళు, ఇసుక పోను 100 లీటర్ల నీళ్ళు. మూడు నెలల పాతది. ఇసుక 3 సెంటీమీటర్లు, లైవ్ రాక్ (మంచి బ్యాక్టీరియా బతికే రాళ్ళు) 14 కిలోలు, వెనక తగిలించే స్కిమ్మర్ (నురగతోని మురికి తీసేది), ఒక వేవ్‌మేకర్ (నీళ్ళు కదిలించే పంపు). లైట్లు మొక్కల ట్యాంకు నుంచి తీసిన తెల్ల ఎల్‌ఈడీలు రెండు. ఆసెలారిస్ క్లౌన్ చేపల జంట, ఒక క్లీనర్ రొయ్య, నాలుగు హెర్మిట్ పీతలు ఉన్నయి.

అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 40, పీహెచ్ 8.0, హైడ్రోమీటర్ల (నీళ్ళ ఉప్పుదనం చూసేది) 1.024, వేడి 29 నుంచి 30. ఇది ఏ రకం? లైటు పెంచాల్నా?

వైజాగ్_అల
తెలుపు దాని రంగు కాదండి. ఒంట్లో ఉండి వెలుతురుతో తిండి తయారుచేసే సన్నటి నాచు, అంటే జూజాంథెల్లే, పోయాయి, అంటే బ్లీచ్ అయింది. ఆరోగ్యంగా ఉంటే గోధుమ, లేత చాకొలెట్, కాస్త పచ్చ ఛాయ, ఇలా ఉంటుంది. దుకాణాల్లో తెల్లదాన్నే "స్పెషల్" అని ఎక్కువకి అమ్ముతారు, అదొక చిత్రం.

లైటు మాత్రం ఇవాళ పెంచొద్దు.

క్లౌన్_గోల
మూడు నెలల ట్యాంకులో ఎనిమోనా! వెనక్కి ఇచ్చెయ్ బ్రో. ఆరు నెలలు దాటాక మాట్లాడదాం.

పాదంచూపు
ఇచ్చెయ్యడం తర్వాత, ముందు అదేంటో తేలాలి. "సెబే" అనేది దుకాణం పెట్టిన పేరు. ఆ పేరు మీద హెటెరాక్టిస్ క్రిస్పా వస్తుంది, హెటెరాక్టిస్ మలూ వస్తుంది, ఒక్కోసారి మాక్రోడాక్టైలా డోరీన్సిస్ కూడా వస్తుంది. మూడింటికీ ఊదా చివర్లు ఉండొచ్చు. చివర్ల రంగు చూసి పేరు పెట్టడమంటే చొక్కా చూసి ఇంటిపేరు చెప్పడమే. చూడాల్సింది కాండం, పాదం.

ఒక గాజు గిన్నెని ట్యాంకులోనే ముంచి, దాన్ని మెల్లగా అందులోకి దొర్లించి, నీళ్ళలో ఉండగానే కింద నుంచి చూడండి. గాల్లోకి ఎత్తొద్దు, లోపలి నీళ్ళ బరువుకి కణజాలం చిరుగుతుంది.

డోరీన్సిస్ అయితే కాండం కింది సగం నారింజ లేదా ఎరుపు. పైసగంలో తెల్లటి పులిపిర్లు వరసలు కట్టి ఉంటాయి. స్పర్శకాలు తక్కువ, పొడుగు, నోటి చుట్టూ బోలెడు ఖాళీ. నోటి నుంచి అంచుదాకా తెల్ల గీతలు కనిపిస్తాయి.

క్రిస్పా అయితే కాండం తోలులా గట్టిగా, బూడిద రంగులో ఉంటుంది. పైభాగంలో పులిపిర్లు జిగట, వాటికి ఇసుక, గవ్వ ముక్కలు అంటుకుని ఉంటాయి. స్పర్శకాలు వందల్లో, ఒత్తుగా, చివరికి వచ్చేసరికి సన్నబడతాయి.

మలూకి స్పర్శకాలు పొట్టి, 4 సెంటీమీటర్లు దాటవు, ఒకటి పొడుగు ఒకటి పొట్టి. కాండం మీగడ రంగు, లేత పసుపు.

బబుల్ టిప్, అంటే ఎంటాక్‌మియా క్వాడ్రికలర్ అయితే కాండం నున్నగా ఉంటుంది, పులిపిర్లే ఉండవు. బుడగలు ఉన్నాయా లేవా అని చూడకండి, అదే ఎనిమోన్ ఒక నెల బుడగలతో, ఇంకో నెల పొడుగు వేళ్ళతో ఉంటుంది.

డాలస్_శ్రీను
ఇక్కడ అమెరికాలో ఊదా చివర్లు అనగానే ముందు కాండీ అనుకుంటాం, కాండిలాక్టిస్ జైగాంటియా. కరీబియన్‌ది. కాండం మీద జిగట పులిపిర్లు లేకపోతే దాన్ని కూడా లెక్కలో పెట్టుకోండి. క్లౌన్ చేపలు లేని సముద్రం నుంచి వస్తుంది కాబట్టి మన చేప దానిలో కాపురం పెడుతుందని నమ్మకం లేదు.

ఉప్పల్_ఉప్పునీళ్ళు
పాదంచూపు గారు చెప్పినట్టే గిన్నెల జూసిన. కాండం బూడిద తెలుపు, నారింజ ఏడా లేదు. పైభాగంల పులిపిర్లున్నయి, వాటికి గవ్వ ముక్కలు అంటుకున్నయి, కదిపినా ఊడుతలేవు. స్పర్శకాలు మస్తుగ ఉన్నయి, లెక్కపెట్టలేను. పాదం అంచుకు అర సెంటీమీటరు చీలిక ఉన్నట్టుంది.

పాదంచూపు
క్రిస్పా. ఇక సందేహం లేదు. కొత్త పుస్తకాల్లో రేడియాంథస్ క్రిస్పా అని కనిపిస్తే కంగారు పడకండి, అదే ఇది.

చీలిక అర సెంటీమీటరే అయితే మానుతుంది. లోపలి తెల్లటి దారాలు బయటికి వేలాడుతుంటే మాత్రం కష్టం. వేలాడుతున్నాయా?

ఉప్పల్_ఉప్పునీళ్ళు
లేవు.

ఆర్వో_బాబాయ్
రకం తేలింది, నీళ్ళు తేలలేదు. నాలుగు ప్రశ్నలు. ఉప్పు కలిపే నీళ్ళు ఎక్కడివి? ఫ్యాన్ పెట్టారా? ఆవిరైన నీళ్ళ బదులు ఏం పోస్తున్నారు? ఈ ట్యాంకులో ఎప్పుడైనా చేపల జబ్బుకి రాగి మందు వేశారా?

ఉప్పల్_ఉప్పునీళ్ళు
బోరు నీళ్ళు వంటింటి ఆర్వోల పట్టి వాడుతున్న, టీడీఎస్ 80 వస్తది. ఫ్యాన్ ఎనిమిది రోజుల కింద పెట్టిన, రోజుకు 2 లీటర్ల దాకా తగ్గుతున్నయి. ఉప్పు నీళ్ళు కలిపి పెట్టుకున్న డ్రమ్ములకెల్లి పోస్తున్న. రాగి ఎన్నడు వెయ్యలే.

ఆర్వో_బాబాయ్
దొరికింది దొంగ.

ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. దాని మీద మళ్ళీ ఉప్పు నీళ్ళు పోస్తే ఏమవుతుందో లెక్క కట్టండి. రోజుకి 2 లీటర్లు, 8 రోజులకి 16 లీటర్లు. లీటరుకి 36 గ్రాముల లెక్కన 576 గ్రాముల ఉప్పు అదనంగా పడింది. 100 లీటర్లలో అది దాదాపు 5.8 పీపీటీ (వెయ్యి పాళ్ళ నీళ్ళలో ఉప్పు పాళ్ళు). మీరు 33 దగ్గర మొదలుపెట్టి ఉంటే ఇప్పుడు 39 దగ్గర ఉండాలి, అంటే 1.029 దగ్గర.

ఉప్పల్_ఉప్పునీళ్ళు
మరి హైడ్రోమీటర్ల 1.024 ఎందుకు జూపిస్తున్నది?

ఆర్వో_బాబాయ్
ముల్లు ఊగే డబ్బా రకమే కదా? ముల్లుకి ఉప్పు పేరుకుంటే బరువెక్కి కిందికి దిగుతుంది, తక్కువ చూపిస్తుంది. గాలి బుడగ అంటుకుంటే పైకి లేచి ఎక్కువ చూపిస్తుంది. వెనిగర్ కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి కడిగి మళ్ళీ చూడండి. మంచిది రిఫ్రాక్టోమీటర్. దాన్ని మామూలు నీళ్ళతో సున్నాకి పెట్టి వదిలేయకుండా, 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోవాలి. అది 1.026 దగ్గర నిలబడాలి.

బెజవాడ_బకెట్
ఎనిమోన్ కొనడానికి డబ్బులుంటాయి, రిఫ్రాక్టోమీటర్‌కి ఉండవు. ఊరంతా ఇదే కథ.

క్లౌన్_గోల
నువ్వు మాత్రం మొదటి ఏడాది నాలుకతో కొలిచినవాడివి.

బెజవాడ_బకెట్
😂 పాత సంగతులు వద్దు.

ఉప్పల్_ఉప్పునీళ్ళు
దోస్తు దగ్గర రిఫ్రాక్టోమీటర్ తెచ్చి చూసిన. 39. ఇప్పుడు ఒక్కసారే నీళ్ళు మార్చాల్నా?

సంప్‌రాణి
వద్దండి! ఎనిమోన్‌కి తన ఒంట్లో నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకటే, చేపలాగా ఉప్పుని సర్దుకునే ఏర్పాటు దానికి లేదు. రోజుకి 1 పీపీటీ చాలు. 100 లీటర్లు 39 నుంచి 35కి రావాలంటే మొత్తం 10 లీటర్ల పైచిలుకు ట్యాంకు నీళ్ళు తీసి అంతే మంచినీళ్ళు పొయ్యాలి. రోజుకి రెండున్నర లీటర్ల చొప్పున నాలుగు రోజులు. ఆవిరయ్యే 2 లీటర్లకి పోసే మంచినీళ్ళు వేరే లెక్క, రెండూ కలిపేసుకోకండి.

ఒక్క చోటే గుమ్మరించకుండా వేవ్‌మేకర్ ముందు సన్నధారగా, అరగంట సేపు. సెలైన్ సెట్ గొట్టం ఉంటే ఇంకా మంచిది.

ఆర్వో_బాబాయ్
ఆ మంచినీళ్ళ సంగతి కూడా. వంటింటి ఆర్వోలో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ అని ఒక మర ఉంటుంది. అది ఆర్వో అయిన నీళ్ళలో కొంత బోరు నీళ్ళు తిరిగి కలుపుతుంది, తాగడానికి రుచి ఉండాలని. దాన్ని పూర్తిగా మూసెయ్యండి, 80 కాస్తా బాగా దిగుతుంది. మినరల్ కార్ట్రిడ్జి ఉంటే దాటించండి. ఆ తర్వాత మిగిలిన లవణాలు కూడా లాగేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి తగిలిస్తే సున్నా. మన హైదరాబాదు బోర్లలో టీడీఎస్ వెయ్యి దాటే చోట్లు కూడా ఉన్నాయి, ఆర్వో పొర త్వరగా అరుగుతుంది, మీటరు దగ్గర పెట్టుకోండి. తాగే నీళ్ళ పంపు వేరే ఉంచుకోండి, డీఐ నీళ్ళు ట్యాంకుకే.

నైట్రేట్ 40 కూడా ఎక్కువే. ఉప్పు సర్దుకున్నాక వారానికి 15 లీటర్ల చొప్పున మార్చుకుంటూ 10 లోపుకి తెండి. పూర్తిగా సున్నా చెయ్యాలని చూడొద్దు, జూజాంథెల్లేకి కాస్త కావాలి.

వైజాగ్_అల
వేడి 30 కూడా తగ్గాలి, 26 దగ్గర ఉంటే హాయి. బ్లీచ్ అవ్వడానికి వేడి పెద్ద కారణం. హైదరాబాదు ఎండాకాలంలో గాలి పొడి కాబట్టి ఫ్యాన్ 2, 3 డిగ్రీలు లాగుతుంది. మా విశాఖలో ఆ పప్పులుడకవు, గాల్లోనే తేమ నిండిపోయి ఉంటే నీళ్ళు ఆవిరెక్కడవుతాయి, డిగ్రీ తగ్గితే గొప్ప. ఇక్కడ చిల్లర్ అనే నీళ్ళు చల్లబరిచే యంత్రమో, గదికి ఏసీనో. మీకు మేలో గది 36, 38 చేరితే ఫ్యాన్ ఒక్కదానితో ఆగదు, ఇప్పుడే ఆలోచించుకోండి.

క్లౌన్_గోల
నోరు తెరుచుకుంది, కక్కుతోంది, పాదం చిరిగింది. సిప్రో మొదలుపెట్టెయ్. ఆలస్యమైతే పోతుంది.

పాదంచూపు
గోల గారూ, ఇక్కడ ఒప్పుకోను. సిప్రోఫ్లాక్సాసిన్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది. ఈయన ఎనిమోన్ ఉప్పు ఎక్కువై, వేడెక్కువై, తిండి లేక ఉంది. కారణం అలాగే ఉంచి మందు పోస్తే ఆ ఖర్చు, ఆ కుదుపు రెండూ దండగ.

క్లౌన్_గోల
కొత్తగా దిగిన క్రిస్పా, మాగ్నిఫికా, జైగాంటియా కార్పెట్ (శ్రీను చెప్పిన కాండీ కాదు) లాంటి ఎనిమోన్లకి ఇన్ఫెక్షన్ మామూలే కదా. లక్షణం కనిపించేదాకా ఆగితే చేతిలో ముద్దే మిగులుతుంది.

పాదంచూపు
లక్షణం ఉంది, చెప్తాను. రోజులో ఒకటి రెండుసార్లు ముడుచుకుని మళ్ళీ విప్పుకోవడం మామూలు, పాత నీళ్ళు వదిలి కొత్తవి ఎక్కించుకోవడమే అది. గోధుమ రంగు దారంలాంటిది నోట్లోంచి వదలడం కూడా కంగారు పడాల్సింది కాదు. ఇన్ఫెక్షన్ అయితే ముడుచుకోవడం, ఉబ్బడం రోజంతా సాగుతుంది. నోరు సడలి లోపలి పొరలు బయటికి వస్తాయి, ప్రతి రోజూ నిన్నటి కంటే చిన్నదవుతుంది. అలా రెండు రోజులు కనిపిస్తే అప్పుడు మందు.

అప్పటికి పద్ధతి ఇదీ: 40 లీటర్ల వేరే తొట్టి, హీటర్, గాలి రాయి, సన్నటి పంపు. నీళ్ళు శుభ్రం చేసే కార్బన్, స్కిమ్మర్ ఉండకూడదు. 38 లీటర్లకి 250 మిల్లీగ్రాములు, సాయంత్రం లైటు ఆర్పాకే, ఎందుకంటే వెలుతురుకి ఈ మందు విరిగిపోతుంది. మర్నాడు పగలు నీళ్ళన్నీ మార్చాలి, అదే ఉప్పు, అదే వేడి ఉన్న నీళ్ళతో. మళ్ళీ రాత్రి మందు. ఏడు రోజులు. నీళ్ళు మార్చలేనివాళ్ళు మొదలుపెట్టకపోవడమే మంచిది. మెయిన్ ట్యాంకులో మాత్రం చుక్క కూడా పడకూడదు, రాళ్ళలో బ్యాక్టీరియా పోతే అమ్మోనియా లేస్తుంది.

సంప్‌రాణి
సిప్రో షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. పశువైద్యుణ్ణి అడగండి. వాడిన నీళ్ళు చెరువులోకి, మొక్కలకి పొయ్యకండి.

క్లౌన్_గోల
సరే, రెండు రోజులు చూద్దాం. నేను మాత్రం తొట్టి సిద్ధంగా పెట్టుకోమనే అంటాను.

పాదంచూపు
అది ఒప్పుకుంటా.

మడ్డి_ఇసుక
ఇంతమంది చెప్పారు, ఇసుక సంగతి ఒక్కరూ ఎత్తలేదు. క్రిస్పా పాదాన్ని ఇసుకలోకి దించి, అడుగున ఉన్న రాయికో గాజుకో పట్టుకుంటుంది. కాండం ఇసుకలో, పళ్ళెం పైన. 3 సెంటీమీటర్ల ఇసుకలో ఏం దించుతుంది పాపం? అందుకే దొర్లుతోంది.

ట్యాంకంతా లోతు పెంచక్కర్లేదు. రాయి కింద ఇసుకని తాకే మూల ఒకటి చూసుకోండి. 75 మిల్లీమీటర్ల పీవీసీ కప్లింగ్ ముక్క, 8 సెంటీమీటర్ల ఎత్తు, కోసి అంచులు గీకి, ఆ మూలన నిలబెట్టి సగం దాకా ఇసుక నింపండి. పాదం అందులోకి దించండి. వేవ్‌మేకర్ రెండు గంటలు ఆపండి, స్కిమ్మర్ నడవనీయండి, గాలి అందాలి. చుట్టూ కూరగాయలు కడిగే ప్లాస్టిక్ జల్లెడ బుట్ట బోర్లించి, పైన చిన్న రాయి పెట్టండి. రెండు మూడు రోజుల్లో పట్టుకోవాలి.

ఇనప తీగ ఉన్న బుట్ట వద్దు.

ఉప్పల్_ఉప్పునీళ్ళు
బుట్ట పెడితే క్లౌన్లు పోలేవు గదా? అవి ఇప్పుడు దగ్గరకే పోతలేవు అనుకోండ్రి.

క్లౌన్_గోల
పోకపోవడమే మంచిది. బలహీనంగా ఉన్నదాన్ని క్లౌన్లు తోమి తోమి విప్పుకోనివ్వవు. పైగా నీ ఆసెలారిస్‌కి సముద్రంలో క్రిస్పా ఇల్లు కాదు. దానికి మాగ్నిఫికా, జైగాంటియా కార్పెట్, మెర్టెన్సీ ఎనిమోన్లు. ట్యాంకులో ఒప్పుకుంటే ఒప్పుకుంటుంది, లేకపోతే వేవ్‌మేకర్ దగ్గరే పడుకుంటుంది. పెర్కులా అయితే క్రిస్పాలో ఉంటుంది. క్లార్కీ అయితే ఏదిచ్చినా వద్దనదు, ఆతిథ్యమిచ్చే పది రకాల్లోనూ కనిపిస్తుంది. మెరూన్ క్లౌన్‌కి బబుల్ టిప్ ఒక్కటే.

డాలస్_శ్రీను
తమాషా ఏంటంటే సెబే క్లౌన్ కూడా ఈ "సెబే ఎనిమోన్"లో ఉండదు. ఆంఫిప్రియాన్ సెబే సహజంగా ఉండేది హడ్డోనీ కార్పెట్ ఎనిమోన్‌లో. పేరు చూసి రెండూ కలిపి కొనేవాళ్ళు బోలెడు.

వైజాగ్_అల
అవును, ఆ సెబే క్లౌన్ మన తూర్పు సముద్రం చేపే. తమిళనాడు మండపంలో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు హేచరీలో దాని పిల్లల్ని పెంచారు కూడా. క్లౌన్ కొనేటప్పుడు హేచరీదే అడగండి. కానీ క్రిస్పా విషయం వేరు. బబుల్ టిప్ ట్యాంకులోనే చీలి రెండవుతుంది కాబట్టి ఇంకొకరి ట్యాంకులో పుట్టింది దొరుకుతుంది. క్రిస్పా దాదాపు ఎప్పుడూ సముద్రం నుంచి పీక్కొచ్చిందే. అందుకే పాదం చీలికలు.

నత్త_నాగయ్య
విశాఖలో ఆటు సమయానికి రాళ్ళ గుంటల్లో ఎనిమోన్లు కనిపిస్తాయి కదా, అవి తెచ్చి పెట్టొచ్చా? ఊరికే అడుగుతున్నా.

వైజాగ్_అల
ఊరికే అడిగినా వద్దు. అవి అలల దెబ్బకీ, ఆటుపోట్లకీ అలవాటుపడినవి, నిలవ నీళ్ళ ట్యాంకులో నీరసిస్తాయి. క్లౌన్లు వాటి మొహం చూడవు. రాయితో సహా పెకలిస్తే దాని మీద పగడం ఉండొచ్చు. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి, పులితో సమానం. ఫొటో తీసుకుని రండి.

డాలస్_శ్రీను
లైటు ప్రశ్నకి ఇంకా ఎవరూ పూర్తిగా జవాబివ్వలేదు. క్రిస్పాకి చివరికి కావాల్సింది 200 నుంచి 300 పార్ (జూజాంథెల్లే వాడుకోగల వెలుతురు కొలత). కానీ తెల్లబడినదానికి ఒకేసారి అంత ఇస్తే మిగిలిన కాస్త జూజాంథెల్లే కూడా పోతాయి. 80, 100తో మొదలుపెట్టి వారానికి 30, 40 చొప్పున పెంచుతూ నెల రోజుల్లో 200 దాటించండి. పార్ మీటర్ లేకపోతే ఫోన్లో లక్స్ యాప్ పెట్టి, లైటు నుంచి ఎనిమోన్ ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో గాల్లో కొలిచి, 60తో భాగించండి. తెల్ల లైటుకి ఈ లెక్క దరిదాపుగా సరిపోతుంది. నీలం లైటుకి పనికిరాదు, ఫోను నీలాన్ని బాగా తక్కువ చూస్తుంది.

రోజుకి 8 గంటలు చాలు. నీళ్ళు పసుపెక్కి ఉంటే కార్బన్ వెయ్యండి, కానీ కార్బన్ వేసిన మర్నాడు వెలుతురు ఒక్కసారిగా పెరుగుతుందని గుర్తుంచుకోండి.

బెజవాడ_బకెట్
పసుపు రంగు ఎనిమోన్, గులాబీ ఎనిమోన్ అని అమ్మేవి కూడా చూశాను. అవి ఎలాంటివి?

పాదంచూపు
నిమ్మపండు పసుపులో, ఒళ్ళంతా ఒకే రంగులో ఉంటే రంగు వేసిందనే అనుకోండి. బ్లీచ్ అయినదాన్ని రంగు నీళ్ళలో నానబెడతారు. వారాల్లో రంగు దిగి కింద తెలుపు బయటపడుతుంది. కొనకుండా ఉంటేనే ఆ వ్యాపారం ఆగుతుంది. హడ్డోనీలో సహజంగా పచ్చ, నీలం, ఎరుపు ఉంటాయి, అవి వేరు.

సంప్‌రాణి
తిండి. మొదటి మూడు రోజులు ఏమీ పెట్టొద్దు, అంటుకున్నాక మొదలుపెట్టండి. కక్కడానికి కారణం ముక్క పెద్దదవ్వడమే. ఎంత పెట్టారు?

ఉప్పల్_ఉప్పునీళ్ళు
చిటికెన వేలి గోరంత. రెండు గోర్లంత అనుకోండ్రి.

సంప్‌రాణి
బఠాణీ గింజలో సగం చాలు. బజారు రొయ్య పచ్చిదే, పసుపూ ఉప్పూ పట్టించనిది, తల తోక తీసి, బాగా కడిగి, గడ్డకట్టించి, చిన్నగా కోసి పెట్టుకోండి. పెట్టేటప్పుడు ట్యాంకు నీళ్ళలో కరిగించి, ఆ తెల్లటి నీళ్ళు పారబోసి, ముక్క మాత్రమే పట్టుకారుతో స్పర్శకాల మీద వదలండి. నోట్లోకి కుక్కొద్దు. పట్టుకుని నోటిదాకా అదే తీసుకెళ్ళాలి. పట్టుకోకపోతే ఆకలి లేదు, అరగంటలో ముక్క తీసెయ్యండి. తెల్లబడినది కాబట్టి మూడు రోజులకొకసారి. రంగు వచ్చాక వారానికి ఒకటి. మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవి) దొరికితే అది ఇంకా తేలిక.

మీ క్లీనర్ రొయ్య నోట్లోంచి కూడా లాక్కుంటుంది, దాని వాటా ముందే దానికి వేరే మూల పడెయ్యండి.

క్లౌన్_గోల
ఆరోగ్యంగా ఉన్నదానికి తిండే అక్కర్లేదు, లైటు చాలు. ఊరికే నైట్రేట్ పెంచుకోవడం.

సంప్‌రాణి
ఆరోగ్యంగా ఉన్నదానికి. ఇది ఉందా? జూజాంథెల్లే లేనిదానికి వెలుతురులో వంట వండేదెవరు?

క్లౌన్_గోల
🙏

మడ్డి_ఇసుక
వేవ్‌మేకర్ జాలీకి మెష్ తొడిగారా? నడిచే ఎనిమోన్ రాత్రిపూట దాంట్లో పడితే పొద్దున్నకి ట్యాంకంతా గుజ్జు. స్పాంజి కంటే సన్నటి నైలాన్ మెష్ మంచిది, రెండు రోజులకోసారి కడగాలి, లేకపోతే ప్రవాహం సగానికి పడిపోతుంది. స్కిమ్మర్ నీళ్ళు లాగే చోట కూడా.

ఒకవేళ పోయిందంటే: ముట్టుకుంటే జారిపోతుంది, కుళ్ళిన చేప వాసన, పీచుల్లా విడిపోతుంది. పోయిందా లేదా అని ఎదురుచూడకుండా గిన్నెతో తీసేసి, అదే రోజు సగం నీళ్ళు మార్చి, 100 గ్రాముల కార్బన్ వెయ్యండి. ఇంత చిన్న ట్యాంకులో ఒక్క ఎనిమోన్ కుళ్ళితే చేపలు కూడా మిగలవు.

బెజవాడ_బకెట్
కరెంటు పోతే?

మడ్డి_ఇసుక
బ్యాటరీ ఎయిర్ పంపు, కనీసం. డీసీ వేవ్‌మేకర్ అయితే అది ఎన్ని వోల్టులదో చూసుకుని సరిపడే బ్యాటరీకి తగిలించొచ్చు. ఇంటి ఇన్వర్టర్ ఉంటే వేవ్‌మేకర్ ఒక్కటే దాని మీద పెట్టండి, లైట్లూ చిల్లరూ వద్దు.

నత్త_నాగయ్య
సందట్లో సడేమియా. మా ట్యాంకులో గోధుమ రంగు చిన్నవి, గాజులా పారదర్శకంగా, ముట్టుకోబోతే రాయి లోపలికి దూరిపోతున్నాయి. ఉచితంగా ఎనిమోన్లు వచ్చాయని ఇంట్లో సంబరం.

పాదంచూపు
ఐప్టేసియా, ట్యాంకులో కలుపు మొక్కలా పెరిగే ఎనిమోన్. సంబరం ఆపండి. గీకొద్దు, పాదంలో ముక్క మిగిలితే అక్కడ్నుంచి మళ్ళీ మొలుస్తుంది. ఒకటి గీకితే ఆరు.

సంప్‌రాణి
కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్ద. పంపులన్నీ ఆపి, పెరుగులా చిక్కగా కలిపి, మొద్దు సూది ఉన్న సిరంజితో నోటి మీద కప్పెయ్యండి. పదిహేను నిమిషాలాగి పంపులు వెయ్యండి. రోజుకి మూడు నాలుగే, ఎక్కువ చేస్తే పీహెచ్ ఎగురుతుంది. పెప్పర్‌మింట్ రొయ్య కూడా తింటుంది, దానికి మూడ్ ఉంటే.

బెజవాడ_బకెట్
కాల్షియం హైడ్రాక్సైడ్ అంటే సున్నమేగా? కిళ్ళీ కొట్లో అడిగితే సరి.

ఆర్వో_బాబాయ్
కిళ్ళీ సున్నంలో ఇంకేం కలిపారో ఎవడికి తెలుసు. ప్రయోగశాల రకం తెచ్చుకోండి, అరకిలో ఏళ్ళు వస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకుని కలపండి.

ఉప్పల్_ఉప్పునీళ్ళు
ఆరో రోజు సంగతి. ఉప్పు 35కు వచ్చింది, రోజుకు రెండున్నర లీటర్ల చొప్పున్నే చేసిన. టీడీఎస్ మర మూస్తే 80 కాస్తా 14 అయింది, రెసిన్ గొట్టం ఆర్డర్ పెట్టిన. వేడి పగలు 28, రాత్రి 26. నైట్రేట్ ఇంకా 30.

పీవీసీల పెట్టిన మూడో రోజుకు పాదం పట్టుకున్నది, బుట్ట కదిపినా ఊగుతలేదు. నోరు మూసుకున్నది. నిన్న అర బఠాణీ అంత రొయ్య పెట్టిన, ఉంచుకున్నది. లైటు లక్స్ యాప్ల 5,400 ఉన్నది.

డాలస్_శ్రీను
5,400 అంటే 90 పార్. సరిగ్గా ఉంది. వారం ఆగి లైటు 3 సెంటీమీటర్లు దించి మళ్ళీ కొలవండి.

పాదంచూపు
రంగు కోసం స్పర్శకాల మొదళ్ళ దగ్గర చూడండి. లేత గోధుమ మరక ముందు అక్కడ కనిపిస్తుంది, చివర్లలో కాదు. ఆరు వారాలు పట్టొచ్చు, మూడు నెలలూ పట్టొచ్చు. వారానికోసారి అదే లైటులో, అదే దూరం నుంచి ఫొటో తియ్యండి, రోజూ చూసే కంటికి తేడా తెలియదు.

పెద్దదైతే అర మీటరు దాకా విప్పుకుంటుంది. మీ ట్యాంకు వెడల్పు 14 అంగుళాలు. ఆ లెక్క కూడా మనసులో ఉంచుకోండి.

క్లౌన్_గోల
చూశారా, అందుకే మొదటే ఇచ్చెయ్ అన్నా.

మడ్డి_ఇసుక
బుట్ట ఎప్పుడు తీస్తున్నారు? తీసేముందు మెష్ సంగతి చెప్పలేదు మీరు.

ఉప్పల్_ఉప్పునీళ్ళు
మెష్ తొడిగిన అన్నా, స్కిమ్మర్ మూతికి కూడా. బుట్ట ఇంకో రెండు రోజులుంచుత. మగ క్లౌన్ మాత్రం ఎనిమోన్ను ఇడిసిపెట్టి బుట్టనే ఇల్లు చేసుకున్నది.